దవడ మీద రెండు తీగలు

మాస్టారి దవడ కదిలిందని మొదట కనిపెట్టినవాడు ఆయన బావమరిది. అదీ ఆయనకి గడ్డం గీస్తూ, ఎవరూ నవ్వని తన పాత జోకొకటి చెబుతూ.

బావమరిదిని అందరూ మైకు అనే పిలిచేవారు. సభలకీ పెళ్ళిళ్ళకీ మైకుసెట్లు అద్దెకివ్వడం, చెడిపోయిన యాంప్లిఫయర్లు బాగుచెయ్యడం అతని పని. గొంతు కూడా పనికి తగ్గట్టే ఉండేది. వీడు రహస్యం చెప్పాలంటే ఊరు ఖాళీ చేయించాలి అని సొంత అక్కే విసుక్కునేది. ఆదివారం ఆదివారం వచ్చి బావకి గడ్డం గీయడం అతను తనకు తానుగా నెత్తినేసుకున్నాడు. గీసినంతసేపూ మాట్లాడేవాడు. జవాబు రాకపోవడం అతనికి పెద్ద లోటుగా అనిపించేది కాదు, మామూలు రోజుల్లో కూడా ఎవరికీ సందిచ్చేవాడు కాదు కనక.

ఆ రోజు చెప్పిన జోకు ఇది. ఏదో సభలో వక్త "వెనకవాళ్ళకి వినపడుతోందా?" అని అడిగాట్ట. ఆఖరి వరసలోంచి ఓ పెద్దమనిషి లేచి, "వినపడుతోంది బాబూ, వినపడని చోటేదైనా ఉంటే చూపించు" అన్నాట్ట. మాస్టారు దాన్ని పెళ్ళయిన కొత్తల నుంచీ వింటున్నారు. విన్నప్పుడల్లా పళ్ళు నూరుకునేవారు. అప్పుడూ లోపల్లోపల అదే చేశారు. సబ్బు నురగ కింద మైకు బొటనవేలికి చీమ పాకినట్టు ఏదో తగిలింది.

మైకు బ్లేడు గాలిలోనే ఆపేశాడు. అక్కని కేకేశాడు. ఆవిడ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి, తమ్ముడు చూపించిన చోట వేలు పెట్టింది. మైకు అదే జోకు మళ్ళీ చెప్పాడు. మాస్టారు ఈసారి ఉన్న బలమంతా కూడగట్టి పళ్ళు కొరికారు. కొరికానని అనుకున్నారు. ఆవిడ కాసేపు చూసి, వేలికంటిన నురగ తువ్వాలుకి రాసి, "నీ చెయ్యే వణికుంటుందిరా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మాస్టారు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. ఓ పొద్దున కాలేజీకి బయల్దేరుతూ బూటు లేసు కట్టుకోవడానికి వంగారు. వంగిన మనిషి వంగినట్టే ముందుకి పడిపోయారు. మెదడు అడుగున నరం చిట్లిందన్నారు. కొన్ని వారాలకి తెలివొచ్చింది, కానీ ఆ సంగతి ఆయనొక్కరికే తెలుసు. చెవులు వింటున్నాయి, ఒంటికి నొప్పి తెలుస్తోంది, కళ్ళకి ఎదురుగా ఉన్నది కనిపిస్తోంది. చెప్పినమాట వినేది మాత్రం ఒంట్లో ఒక్కటీ లేదు. రెప్పలు వాటి ఇష్టమొచ్చినప్పుడు పడేవి, వాటి ఇష్టమొచ్చినప్పుడు లేచేవి. కనుగుడ్లు పైకప్పు వైపు నిలిచిపోయాయి. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, కళ్ళు తెరిచినంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదమ్మా, ఆశ పెట్టుకోకండి అని ఆవిడకి మెత్తగా చెప్పాడు. మాస్టారు ఆయన మొహంలోకే చూస్తూ, ఉన్నానండీ, ఉన్నాను అంటూనే ఉన్నారు. డాక్టరు టార్చి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి తెచ్చాక ముందుగదిలో ఇనప మంచం వేశారు. పైకప్పు మీద ఓ పక్క సున్నం పెచ్చులూడి ఉంటుంది. ఆ పెచ్చుల అంచులు ఆయనకి చేతిగీతల కన్నా బాగా తెలిసిపోయాయి. మధ్యాహ్నం పూట ఆవిడ ఆయన్ని ఎడమపక్కకి ఒత్తిగిల పడుకోబెట్టేది, వీపు పుండు పడకుండా. అలా తిప్పిన ప్రతిసారీ ఎడమచెవి దిండు కింద మడతపడేది. మొదట చిన్న మంట. కాసేపటికి నిప్పు. మళ్ళీ ఆవిడ వచ్చి తిప్పేదాకా ఆ చెవి తప్ప ప్రపంచంలో ఇంకేదీ ఉండేది కాదు. ఆవిడ అటు వెళుతూ ఇటు వస్తూ దుప్పటి సరిచేసేది, నుదురు తుడిచేది. చెవి మాత్రం చూసేది కాదు. అంత దగ్గరగా వచ్చిన చెయ్యి అంగుళం పక్కకి జరగకుండా వెళ్ళిపోతుంటే ఆయనకి ఏడుపొచ్చేది. అదీ కంట్లోంచి వచ్చేది కాదు.

ఆవిడ తప్పేం లేదు. ఆవిడ బీమా ఆఫీసులో పనిచేసేది. సెలవంతా అయిపోయింది, జీతం లేని సెలవూ అయిపోవచ్చింది. ఓ సాయంత్రం మంచం పక్కనే కూర్చుని స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతూ, "ఆయనెప్పుడో వెళ్ళిపోయారే. ఆయన వదిలేసి వెళ్ళిన ఇంటిని నేను రోజూ కడిగి తుడుస్తున్నాను, అంతే" అంది. ఏడవకుండా అంది. మాస్టారికి కోపం రాలేదు. తన మీద తనకే జాలి కూడా వెయ్యలేదు. లోపల ఉన్నవాడు తలుపు తట్టలేకపోతే బయటివాళ్ళు ఇల్లు ఖాళీ అనుకోక ఏమనుకుంటారు?

ఆ తరవాత కొన్నాళ్ళకి ఊరి చివరి దీర్ఘరోగుల వార్డు సంగతి మొదలైంది. కాగితాల మీద సంతకాలయ్యాయి. సోమవారం వ్యాను వస్తుందన్నారు. ఆ వార్డు మాస్టారికి తెలుసు. ఒకప్పుడు సహోద్యోగిని చూడటానికి వెళ్ళారు. పొడుగాటి గది, రెండు వరసల మంచాలు, అందరి మొహాలూ పైకప్పు వైపే. అక్కడ ఎవరి దవడ మీదా ఎవరూ బొటనవేలు పెట్టరు.

మైకు మాత్రం ఆ చీమని వదల్లేదు. డాక్టరుకి ఫోన్ చేస్తే, అలాంటివి వాటంతటవే వస్తుంటాయి, వాటికి అర్థం ఉండదన్నాడు. "వాటంతటవే వస్తే జోకు చెప్పినప్పుడే ఎందుకొచ్చిందండీ?" అని మైకు అడిగాడు. డాక్టరు బదులేమీ చెప్పకపోతే, ఆయనకి జోకు అర్థం కాలేదని మైకు తీర్మానించుకున్నాడు. శనివారం మధ్యాహ్నం, బావని ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి అక్క మందుల కొట్టుకి వెళ్ళే వేళ కనిపెట్టి, అట్టపెట్టె ఒకటి చంకన పెట్టుకుని దిగాడు.

"బావా, వేలికి తెలియనిది చెవికి తెలుస్తుంది. కండ కదిలితే అందులో కరెంటు పుడుతుందని నువ్వే ఎప్పుడో చెప్పావు. దాన్ని యాంప్లిఫయర్‌లో పెట్టి స్పీకర్లో వింటాను. నువ్వు లేకపోతే గమ్మునుంటుంది. ఉంటే ఏదో ఒకటి కూస్తుంది."

మాస్టారికి గుండె ఝల్లుమంది. మొదటి కారణం ఆశ. రెండోది, వీడు తన కొట్లోని యాంప్లిఫయర్‌ని గోడ ప్లగ్గుకి తగిలించి, ఆ తీగ తెచ్చి తన మొహానికి అంటిస్తాడేమోనన్న భయం. మైకు కొట్లో షాకు కొట్టని వస్తువు కేలండరొక్కటే. వద్దు అని చెప్పడానికి లేదు. లేచి పారిపోవడానికి లేదు. పెట్టె మూత తెరిచిన చప్పుడు, ఏదో చెక్క నేల మీద పెట్టిన చప్పుడు వినపడ్డాయి. తరవాత టప్పుమని ఓ చిన్న చప్పుడు. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి మూత బిగించిన చప్పుడది. పాతికేళ్ళుగా విన్నది కాబట్టి పోల్చుకున్నారు. ప్రాణం కుదుటపడింది.

"ఇది నీదే బావా. అటక మీద దొరికింది. పిల్లలకి పాఠం చెప్పడానికి చేసుకున్నావే, ఆ పలక."

మాస్టారు దాన్ని చూడలేకపోయినా కళ్ళ ముందే ఉన్నట్టయింది. చెక్క పలక మీద రెండు ఎర్ర సాకెట్లు, ఒక నల్ల సాకెట్టు. డిఫరెన్షియల్ యాంప్లిఫయర్. స్వయంగా సీసం కరిగించి అతుకులు వేసి చేసింది. తన గొంతు బయటికి రావడానికి ఈ ఇంట్లో ఏ వస్తువైనా పనికొస్తుందంటే ఇదే. దాన్ని ఎలా కలపాలో ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినవాడు మంచం మీదే ఉన్నాడు.

మైకు ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చిన ఇసిజి స్టిక్కరు ఒకటి దవడ మీద అంటించి, దాని తీగని ఒక ఎర్ర సాకెట్లో గుచ్చాడు. రెండో ఎర్ర సాకెట్టుకీ నల్లదానికీ కలిపి ఓ తీగ ముక్క వేసి, దాన్ని ఇనప మంచం కోడుకి బిగించాడు. "రెండోది ఊరికే వదిలేస్తే గోల చేస్తుంది, ఎర్త్ చేసేద్దాం" అనుకుంటూ మీట నొక్కాడు.

స్పీకరు గుంయ్‌మంది. గదంతా తేనెపట్టు కదిపినట్టయింది. "పళ్ళు కొరుకు బావా" అన్నాడు మైకు. మాస్టారు కొరికారు. గుంయ్‌లో మార్పు లేదు. మైకు ఫ్యాను ఆపాడు. ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. గుంయ్ కొంచెం తగ్గి అలాగే నిలిచింది.

ఒరేయ్, ఎర్త్ చెయ్యకు, ఆ రెండోది ఎర్త్ చెయ్యకు! మాస్టారు లోపల అరుస్తున్నారు. గోడల్లో కరెంటు తీగలు నడుస్తున్నాయి. వాటి హమ్మింగ్ ఈ గదిలో ఉన్న ప్రతి ఒంటి మీదికీ ఎక్కుతుంది. అది నా దవడ మీద ఈ చోట ఎంతో, అంగుళం అవతల కూడా అంతే. కండ పుట్టించే సంకేతం అలా కాదు. ఈ చోట ఒకలా, ఆ చోట ఇంకోలా ఉంటుంది. రెండు చోట్ల నుంచీ రెండు తీగలు తీసుకుని రెండు ఎర్ర సాకెట్లలో పెట్టు. ఆ పలక ఒకదాన్లోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది. రెంటిలో ఒకేలా ఉన్నది కొట్టుకుపోతుంది. తేడా మిగులుతుంది. ఆ తేడానే పెంచుతుంది. ఆ తేడా నేనేరా.

క్లాసులో ఆయన బస్సు ఉదాహరణ చెప్పేవారు. ఇద్దరు ఒకే సీట్లో పక్కపక్కన కూర్చున్నారు. రోడ్డు గతుకులకి బస్సు ఎగిరితే ఇద్దరూ ఒక్కలాగే ఎగురుతారు. ఒకరి తల ఎత్తుని ఇంకొకరి తలతో పోల్చి చూస్తే ఎగిరినట్టే తెలియదు. కానీ ఇద్దరిలో ఒకడు దిగడానికి సగం లేచాడనుకోండి, ఎంత గతుకుల రోడ్డయినా ఆ లేవడం పట్టుబడుతుంది. అదే రోడ్డు మీద నిలబడి ఒక్కడినే చూశారా, వాడు లేచాడో బస్సు ఎగిరిందో దేవుడికే తెలియాలి. అలా చెప్పి ఎన్ని వందలమంది చేత తల ఊపించారో. ఆ తల ఊపినవాళ్ళలో ఒక్కడు ఇప్పుడు ఈ గుమ్మంలోకి వస్తే చాలు. ఈ మైకుకి కూడా ఓసారి చెప్పారు. సగంలో ఆవులించాడు.

మైకు తల గోక్కున్నాడు. హమ్మింగ్ బయటినుంచి వస్తోందని, రానివ్వకుండా అడ్డం కట్టాలని అతనికి తోచింది. వంటింట్లోకి వెళ్ళి అల్యూమినియం కాగితం చుట్ట తెచ్చాడు. ముందు మంచం కోళ్ళకి చుట్టాడు. అదయ్యాక మాస్టారి కాళ్ళకి, మోకాళ్ళ దాకా. చేతులకి మొదలుపెట్టేసరికి వీధి తలుపు తెరుచుకుంది.

ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. మందుల సంచీ చేతిలోనే ఉంది. ఫ్యాను లేదు, గది ఉక్కపోస్తోంది, స్పీకరు గుంయ్‌మంటోంది, మొగుడు వెండిరంగు కాగితంలో సగం పొట్లం కట్టి ఉన్నాడు. ఆవిడ అరవలేదు. ముందు స్పీకరు మీట కట్టేసింది. తమ్ముడిని కుర్చీలో కూర్చోమంది. తరవాత కాగితం ఒక్కొక్క చుట్టే విప్పడం మొదలుపెట్టింది.

"ఎల్లుండి తీసుకెళ్ళేవాళ్ళు వస్తున్నారు. నన్ను ఇంకోసారి ఆశపెట్టకు. నావల్ల కాదు" అంది.

మైకు మొదటిసారిగా గొంతు తగ్గించి, తన ఊహంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ సంజాయిషీగా పలకని ఆవిడ ముందుకి తోశాడు. ఆవిడ దాన్ని ఎరుగును. అప్పట్లో ఆ అతుకుల కంపు పడక ఇంట్లోంచి వరండాలోకి గెంటింది తనే. కాగితం ఉండ చుడుతూ కాసేపు దానివైపు చూసింది.

"ఎర్రవి రెండున్నాయి. నువ్వు ఒక్కదాన్నే వాడుతున్నావు. రెండోది ఎర్త్ చెయ్యడానికే అయితే దానికీ ఎర్రరంగు ఎందుకేస్తారు? మీ బావ ఊరికే ఒక స్క్రూ కూడా పెట్టరు కదా" అంది.

మాస్టారు లోపల కేకలేస్తున్నారు. అదే. అదే. అక్కడే ఉండండి, పక్కకి పోకండి.

మైకు వెంటనే మాట్లాడలేదు. అది అతని జీవితంలో అరుదైన సంగతి. తరవాత మెల్లిగా అన్నాడు. "మూడు పిన్నుల కేబులు."

"ఏంటి?"

"స్టేజీ పక్కన జనరేటరు పెడితే మైకులో ఇదే గుంయ్ వచ్చేదక్కా. పాత కేబుళ్ళలో లోపల ఒకటే తీగ. కొట్టువాడు మూడు పిన్నులది ఇచ్చాడు, దాన్లో రెండు తీగలుంటాయి. పెట్టగానే గుంయ్ పోయింది. ఎందుకు పోయిందో బావ చెప్పాడు, నేను నిద్రపోయాను." లేచి నిలబడ్డాడు. "రెండు తీగలూ పక్కపక్కనే పోతాయి. గుంయ్ రెంటికీ ఒకేలా ఎక్కుతుంది. ఒకేలా ఎక్కితే... ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే... బావా, బస్సు! నువ్వు బస్సని ఏదో అన్నావు!"

మాస్టారు పళ్ళు కొరుకుతూనే ఉన్నారు. వినేవాళ్ళెవరూ లేరు. స్పీకరు కట్టేసి ఉంది.

ఈసారి దవడ మీద రెండు స్టిక్కర్లు, ఒకదానికొకటి అంగుళం ఎడంలో. వాటి తీగలు రెంటినీ జడలా మెలిపెట్టి రెండు ఎర్ర సాకెట్లలోకి. నల్ల సాకెట్టు తీగకి మూడో స్టిక్కరు, కండ లేని మోచేతి ఎముక మీద. మీట నొక్కాడు. గుంయ్ సగానికి సగం పడిపోయింది. కానీ పోలేదు. మైకు మొహం వాడింది. పలక పాతదయిపోయిందేమో అన్నాడు, బ్యాటరీ వీకేమో అన్నాడు.

పలక బాగానే ఉంది. మాస్టారికి అదీ తెలుసు. ఒక స్టిక్కరు నున్నటి చర్మం మీద పడింది, రెండోది వారం గడ్డం మీద, పైగా నూనె మీద పడింది. ఒక తీగ గట్టిగా అంటుకుంది, ఇంకోటి పొడిపొడిగా. సమానంగా రావాల్సిన హమ్మింగ్ ఒకవైపు నుంచి తక్కువ వస్తోంది, పలక దాన్ని కూడా తేడా అనుకుని పెంచుతోంది. ఇంత దగ్గరికి వచ్చి ఇక్కడ ఆగిపోతారా? అన్నిటికన్నా ఘోరం ఇదేననిపించింది ఆయనకి. ఎవరూ ఏమీ ప్రయత్నించని రోజుల్లో ఆయన ఒకరకంగా నిశ్చింతగానే ఉన్నారు. ఇప్పుడు గోడ కాగితమంత పలచనై, అవతలివాళ్ళ ఊపిరి వినపడుతోంది, అయినా చిరగట్లేదు.

దాన్ని చింపింది ఆవిడ, అదీ చిరాకుతో. "ఏంట్రా ఆ అంటించడం? గడ్డం మీద జిగురంతా పాకింది, రేపు పీకితే చర్మం ఊడొస్తుంది" అంటూ రెండూ ఊడదీసింది. దగ్గరుండి ఆ చోటంతా గడ్డం గీయించింది. దూదిని స్పిరిటులో ముంచి రెండు చోట్లా ఎర్రబడేదాకా రుద్దింది. ఆవిడకి ఏ పనయినా సగం సగం నచ్చదు. కొత్త స్టిక్కర్లు రెండూ తనే తీసి, అంచులు వేలితో ఒత్తి మరీ అంటించింది.

మైకు మీట నొక్కాడు. ఏమీ వినపడలేదు. బ్యాటరీ ఊడిందేమోనని వంగి చూశాడు. ఊడలేదు. గుంయ్ లేదు, అంతే. స్పీకర్లోంచి సన్నటి సుయ్ మాత్రం, ఎండలో ఆరేసిన బట్ట కదిలినంత.

మాస్టారికి భయమేసింది. ఇప్పటిదాకా తప్పు తీగలది. ఇప్పుడు కొరికితే రాకపోతే, ఇక తప్పు తనదే. నిజంగా ఆ దవడలో ఏమీ మిగల్లేదేమో. కొరుకుతున్నాననుకోవడం కూడా కలేనేమో. ఆయన కొరికారు.

బర్ర్.

ముతక గుడ్డ చింపినట్టు పొట్టి చప్పుడు. ముగ్గురూ విన్నారు. ముగ్గురిలో ఎక్కువ ఆశ్చర్యపోయింది మాస్టారే. తన నుంచి బయటికి ఒక శబ్దం రావడం బూట్లు కట్టుకున్న ఆ పొద్దుటి తరవాత అదే మొదలు.

మైకు నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. మంచం మీదికి వంగి, ఆఫీసులో అర్జీదారుని అడిగినంత జాగ్రత్తగా అడిగింది. "రెండుసార్లు."

బర్ర్. బర్ర్.

"ఇప్పుడు వద్దు. నేను చెప్పేదాకా వద్దు."

స్పీకరు సుయ్‌మంటూ ఉండిపోయింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ఆవిడ చూస్తూనే ఉంది. మాస్టారికి తొందరగా ఉంది, కానీ ఆపుకున్నారు. అలా ఆపుకోవడం, చెయ్యగలిగీ చెయ్యకుండా ఉండటం, ఎంత గొప్ప సంగతో ఆయన మరిచిపోయారు.

"ఊఁ. ఇప్పుడు."

బర్ర్.

ఆవిడ మంచం అంచున కూలబడింది. మైకు ఏడుస్తూ నవ్వుతున్నాడు, గట్టిగా, అతని పద్ధతిలో. ఆవిడ అటు చూడలేదు. మాస్టారి మొహంలోకి చూస్తూ అడిగింది. "అన్నీ వినపడుతూనే ఉన్నాయా? మొదటినుంచీ?"

ఆవిడ ఏం అడుగుతోందో మాస్టారికి తెలుసు. ఫోన్లో స్నేహితురాలితో అన్న మాట. ఇంకా చాలా మాటలు. ఒళ్ళు తుడుస్తూ, విసుగొచ్చినప్పుడు, ఎవరూ లేరనుకుని అన్నవి. ఊరుకుంటే సరిపోతుంది. వినలేదనుకుంటుంది. కానీ ఇన్నాళ్ళకి దొరికిన ఒకే ఒక్క మాటతో అబద్ధం ఎలా ఆడటం?

బర్ర్.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి. మైకు వెళ్ళబోయి, ఆగి, మళ్ళీ కూర్చున్నాడు. తిరిగి వచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగా ఉంది. "సరే. నేను అనాల్సినవన్నీ అన్నాను. ఇప్పుడు మీరు అనండి" అంది.

ఎలా అనడం? మైకు అక్షరమాల పట్టుకున్నాడు. ముందు వర్గాలు చదివేవాడు, కవర్గం, చవర్గం అంటూ. చప్పుడైన చోట ఆగి అందులో అక్షరాలు చదివేవాడు. తరవాత గుణింతం. మధ్యలో ఙ దగ్గర ఆగి, దీన్ని ఎవడైనా ఎప్పుడైనా వాడాడా బావా అని అడిగాడు. అక్క కసిరింది. మొదటి అక్షరం "చె" అని తేలింది. మైకు చెల్లెలా, చెట్టా, చెక్కా అని ఊహలు మొదలుపెట్టాడు. రెండోది "వి". చెవి.

ఆవిడ దిండు జరిపి చూసింది. ఎడమచెవి మడతపడి, అంచంతా కందిపోయి నల్లగా ఉంది. ఆవిడ దాన్ని విప్పి, అరచేత్తో అలాగే పట్టుకుంది. ప్రతి మధ్యాహ్నమూ ఆ పక్కకి తిప్పి పడుకోబెట్టింది తనే. ఆ చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు ఆదివారమంతా మాటలే. ఒక్కో మాటకి ఒక్కో యుగం. దవడ తొందరగా అలసిపోయేది, అలసిపోయాక చప్పుడు సన్నబడి సుయ్‌లో కలిసిపోయేది. అప్పుడు మళ్ళీ ఆయన చుట్టూ గోడలు లేచేవి. మధ్యాహ్నం, కాస్త బలం పుంజుకున్నాక, ఆయన కూడబలుక్కుని ఒక మాట పంపారు. మైకు అక్షరాలు పేర్చుకుని చదివి, అర్థంకాక మళ్ళీ చదివాడు. "వార్డుకి పోతా."

ఆవిడ మడతపెడుతున్న దుప్పటి వదిలేసింది. "ఏమన్నారు?"

మాస్టారు అంతకుముందు రాత్రంతా ఆలోచించి తేల్చుకున్న మాట అది. ఆ పొడుగాటి గది తలుచుకుంటే ఆయనకి ఊపిరాడలేదు. అక్కడ ఈ తీగలు ఎవరంటిస్తారు? ఒక్క పూట ఎవరైనా మరిచిపోతే తను మళ్ళీ ఖాళీ ఇల్లే. కానీ ఆవిడ గొంతులో అలసట ఎన్ని రకాలుగా ఉంటుందో ఆయన ఇన్నాళ్ళూ వేరే పనిలేక విన్నారు. తనొక్కడు చిక్కుకుంటే సరిపోయేదానికి ఆవిడ కూడా ఇదే మంచానికి కట్టుబడి ఉంది.

"ఎందుకట?" అంది ఆవిడ. అడిగింది తమ్ముణ్ణి, చూస్తున్నది మొగుణ్ణి. జవాబు వచ్చేసరికి మైకు గొంతు బొంగురుపోయింది. "నువ్వు అలసి" దాకా వచ్చి దవడ ఆగిపోయింది.

"అలసిపోయాను. అవును" అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే అన్నీ తేల్చుకోవాల్సొచ్చింది. సంతకాలు కూడా నేనే పెట్టాను. నిన్న మీకు నోరొచ్చింది. వచ్చిన మర్నాడే నన్ను అడక్కుండా మీరొక్కరే తేల్చేస్తారా? అసలు మీరెప్పుడూ ఇంతే."

బర్ర్, అన్నారు మాస్టారు. ఒప్పుకున్నట్టో ఎదురుచెప్పినట్టో తెలియలేదు. మైకు మాత్రం, మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకని లేచి వరండాలోకి వెళ్ళాడు. అయితే అక్షరాలు చదివేవాడు లేకపోతే పోట్లాట సాగదు. కాసేపటికి ఆవిడే గుమ్మంలోకి వచ్చి పిలిచింది. అలా సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. అందులో ఆయన పలికినవి పది మాటలుండవు.

సోమవారం వ్యాను వచ్చింది. ఆవిడ వెనక్కి పంపేసింది. డాక్టరు ఇంటికే వచ్చాడు. స్పీకరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పదే పదే ప్రశ్నలు మార్చి అడిగి, చివరికి మాస్టారి చెయ్యి పట్టుకుని, క్షమించండి అన్నాడు. ఆ దవడ తప్ప ఇంకేదీ తిరిగి వస్తుందని మాత్రం అనలేదు. రాలేదు కూడా. పగటిపూట చూసుకోవడానికి ఓ నర్సమ్మ కుదిరింది. మాస్టారి భార్య మళ్ళీ ఆఫీసులో చేరింది.

నర్సమ్మ మంచిదే గానీ ఆ తీగలంటే భయం. ఎంత చెప్పినా ముట్టుకునేది కాదు. అందుకని భార్య పొద్దున వెళ్ళింది మొదలు సాయంత్రం వచ్చేదాకా మాస్టారు మళ్ళీ లోపలే. దురద పుడితే దురదే, ఎండ మొహం మీద పడితే ఎండే. పెచ్చుల అంచులు చూసుకుంటూ, వీధి చప్పుళ్ళు వింటూ గడిపేవారు. కొన్ని రోజులు అది భరించడం ముందుకన్నా కష్టంగా ఉండేది, సాయంత్రం ఒకటుందని తెలుసు కనక. ఉక్కపోసిన రోజుల్లో చెమటకి స్టిక్కరు ఒకవైపు వదులై, ఆ సాయంత్రం కాస్తా గుంయ్‌మంటూనే పోయేది.

ఓ రోజు సాయంత్రం చల్లగా ఉంది. భార్య ఆఫీసు నుంచి వచ్చి, చేతిసంచీ మేకుకి తగిలించి, స్పిరిటు దూదితో రెండు చోట్లా రుద్ది స్టిక్కర్లు అంటించింది. మీట నొక్కి, "ఏమైనా కావాలా?" అని అడిగింది. చప్పుడు లేదు. అంటే ఏమీ అక్కర్లేదని. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆఫీసులో కొత్తగా వచ్చిన మేనేజరు పొద్దున లిఫ్టులో చిక్కుకున్నాడట. బయటినుంచి ఎవరెన్ని చెప్పినా వినకుండా లోపలినుంచి ఉపన్యాసమిచ్చాడట. ఆవిడ చెప్పుకుపోతోంది. మధ్యలో ఆగి, "వింటున్నారా?" అంది.

బర్ర్, అని ఊఁ కొట్టారు మాస్టారు. ఆవిడ మిగతాది చెప్పడం మొదలుపెట్టింది.